పడిన తరువాత కాదు, పడకముందే చేయందిద్దాం



మా సంస్థ వైద్య సహాయం పద్దులో కొన్నేళ్ల కిందటి ఖర్చు ఒకటి ఉంది. డెబ్బై దాటిన ఒక వితంతువుకు తుంటి ఎముక ఆపరేషన్ కోసం ఇచ్చిన సొమ్ము అది. ఫజ్ర్ నమాజుకు వుజూ చేసుకుందామని తెల్లవారుజామున పెరట్లోని బాత్‌రూమ్‌కు వెళ్లి, తడి బండ మీద కాలు జారి పడ్డారామె. నలుగురు దాతల దగ్గరికి వెళ్లాం, సొమ్ము కూడబెట్టాం, ఆపరేషన్ చేయించాం, వాకర్ కొనిచ్చాం. ఆ ఏడాది సభలో ఆ మాట సంతోషంగా చెప్పుకున్నాం కూడా.

ఏడాది తిరగకముందే ఆమె మళ్లీ పడ్డారు. అదే బాత్‌రూమ్, అదే బండ, అదే చీకటి. ఈసారి ఇక మంచం దిగలేదు. చూడటానికి వెళ్లిన మమ్మల్ని ఆమె డబ్బు అడగలేదు. "ఒక్కసారి నేల మీద సజ్దా చేయాలనుంది బాబూ, అంతే" అన్నారు.

తిరిగి వస్తుంటే మాకు తోచింది ఒకటే ప్రశ్న. ఆపరేషన్‌కు అంత ఖర్చు పెట్టించిన మేము, ఆ బాత్‌రూమ్ గోడకు ఒక స్టీలు కడ్డీ బిగించాలని ఎందుకు అనుకోలేదు? ఆమె కాళ్లలో మళ్లీ బలం వచ్చేలా నేర్పే మనిషిని ఇంటికి ఎందుకు పంపలేదు? విరిగిన ఎముకకు సాయం చేశాం గానీ, ఆ ఎముక ఎందుకు విరిగిందో అడగలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు మేము వెతుక్కున్న జవాబు. మా దాతలైన మీ ముందు పెట్టడం మా బాధ్యత అనుకుంటున్నాం.

పడటం తలరాత కాదు

"వయసైంది, పడ్డారు" అని మన ఇళ్లలో చాలా తేలిగ్గా అనేస్తాం. అంతా అల్లాహ్ నిర్ణయమేనని నమ్మేవాళ్లం మనం. కానీ ఒంటెను కట్టేసి ఆపైన అల్లాహ్ మీద భారం వేయాలన్న బోధ కూడా మన పెద్దలు చెప్పిందే. వృద్ధులు పడటం వెనుక కారణాలు ఉంటాయి. వాటిలో చాలావాటిని మనం సరిచేయగలం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల చనిపోతున్నారు. ప్రమాదవశాత్తు జరిగే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. ఈ మరణాల్లో నూటికి 80కి పైగా మనలాంటి తక్కువ, మధ్య ఆదాయ దేశాల్లోనే జరుగుతున్నాయి. అరవై దాటినవారే ఇందులో ఎక్కువ. 65 ఏళ్లు దాటినవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరు ఏడాదిలో ఒక్కసారైనా పడతారని అంచనా. 2011 జనాభా లెక్కల నాటికే మన దేశంలో అరవై దాటినవారు పది కోట్లకు పైగా ఉన్నారు. ఇప్పుడు ఇంకా పెరిగారు.

పడిన ప్రతివారికీ ఎముక విరగదు. కానీ తుంటి విరిగితే మాత్రం ఇల్లంతా తలకిందులవుతుంది. ఆపరేషన్ ఖర్చు ఒక్కటే కాదు. కొడుకు పనికి వెళ్లలేడు, కోడలు రాత్రింబవళ్లు మంచం పక్కనే. పడుకునే ఉండటం వల్ల వీపు మీద పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్లలో రక్తం గడ్డకట్టడం లాంటివి వెంటపడతాయి. రోజు కూలీ మీద నడిచే ఇంట్లో ఒక్క పాటు మూడు తరాలను దెబ్బతీస్తుంది.

మనిషి ఎలా నిలబడతాడు?

నిలబడటం మనకు పనిగానే అనిపించదు. నిజానికి ప్రతి క్షణం శరీరం చాలా లెక్కలు వేస్తూ ఉంటుంది. మన తూకానికి మూడు ఆధారాలు. ఒకటి, కళ్లు: ఎదుట ఏముందో చెబుతాయి. రెండు, లోపలి చెవి: తల ఎటు వంగిందో చెబుతుంది. మూడు, పాదాలు, కీళ్లు: కాలి కింద నేల గట్టిగా ఉందో మెత్తగా ఉందో, ఎటు వాలుగా ఉందో చెబుతాయి. ఈ మూడు కబుర్లనూ మెదడు అందుకుని కాళ్ల కండరాలకు ఆజ్ఞలు పంపుతుంది. కాలు జారిన ఆ అర సెకనులో రెండో కాలు చటుక్కున ముందుకు పడితే మనిషి నిలదొక్కుకుంటాడు. పడకపోతే నేల మీదుంటాడు.

వయసుతో ఈ మూడూ కొంత మందగిస్తాయి. కంట్లో శుక్లం వస్తుంది. ఎన్నో ఏళ్లుగా షుగరు ఉన్నవారికి అరికాళ్లు మొద్దుబారతాయి. చెప్పు జారిపోయినా తెలియని స్థితి వస్తుంది. ఇక చీకట్లో లేచినప్పుడు కళ్ల సాయం కూడా ఉండదు. అందుకే చాలామంది రాత్రి పూట బాత్‌రూమ్‌కు లేచినప్పుడో, ఫజ్ర్‌కు ముందో పడుతుంటారు. వీటన్నిటికీ తోడు తొడ, పిక్క, తుంటి కండరాలు సన్నబడతాయి. కబురు అందినా ఆజ్ఞ అమలు చేసే బలం కాలికి ఉండదు.

ఇందులో ఒక శుభవార్త ఉంది. కళ్లను, చెవిని, నరాలను పూర్తిగా వెనక్కి తేలేకపోయినా, కండరాన్ని తేవచ్చు. ఎనభై ఏళ్ల కండరం కూడా పని చెబితే బలపడుతుంది. తూకం కూడా సాధనతో మెరుగవుతుంది. ఈ మాటకు గట్టి రుజువులున్నాయి, కాసేపట్లో చెబుతాం.

"మీరు కూర్చోండి అమ్మీ, నేను తెస్తా"

మా కార్యకర్తలు ఇళ్లకు వెళ్లినప్పుడు తరచూ వినే మాట ఇది. మంచినీళ్లు కోడలు తెస్తుంది, కంచం మనవరాలు పెడుతుంది, బట్టలు కూతురు మడతపెడుతుంది. ఇది ప్రేమే. తల్లిదండ్రుల సేవలో స్వర్గం ఉందని నమ్మే ఇళ్లలో ఇలా ఉండటం మనకు గర్వకారణం కూడా.

కానీ ఒక్కసారి ఆలోచించండి. పెద్దావిడ ఒకసారి తూలుతుంది, భయపడుతుంది. ఇంట్లోవాళ్లు ఇంకా భయపడతారు. ఆ రోజు నుంచి ఆమెను లేవనివ్వరు. రెండు నెలలు కూర్చుంటే కాళ్లు ఇంకా సన్నబడతాయి. ఈసారి లేవాల్సి వచ్చినప్పుడు, అంటే అందరూ నిద్రపోతున్న వేళ, ఆ బలం లేని కాళ్లతోనే లేస్తుంది. పడుతుంది. భయం కూర్చోబెడుతుంది, కూర్చోవడం బలం తీసేస్తుంది, బలం లేకపోవడం పడేస్తుంది.

అందుకే ఇప్పుడు మేము ఇళ్లలో చెప్పే మొదటి మాట: పెద్దవాళ్లను కూర్చోబెట్టడం ఒక్కటే సేవ కాదు, వాళ్లను సురక్షితంగా లేపి నడిపించడం కూడా సేవే. మంచినీళ్లు తెచ్చివ్వకండి అనడం లేదు. వంటగది దాకా వారితో నడవండి, చేయి అందేంత దూరంలో ఉండండి, గ్లాసు వారినే తీసుకోనివ్వండి.

ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టడం మాత్రమే కాదు

మన ఊళ్లలో ఫిజియోథెరపీ అంటే నొప్పి ఉన్నచోట "కరెంటు పెట్టడం", దీపం వేడి పట్టించడం అనుకుంటారు. నొప్పికి వాటి ఉపయోగం వాటికుంది. కానీ కరెంటు పెట్టినందువల్ల మనిషి పడకుండా ఉండడు. నూనె మర్దనతో కూడా తూకం రాదు. దానికి కావలసింది కాళ్లకు బలాన్నిచ్చే వ్యాయామం, తూకాన్ని పరీక్షిస్తూ పెంచే సాధన. రోజూ మసీదు దాకా నడవడం మంచిదే, కానీ నడక ఒక్కటే చాలదు.

ఈ పద్ధతికి పేరు తెచ్చింది న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం. అక్కడి వైద్యులు, ఫిజియోథెరపిస్టులు 1990ల్లో వృద్ధుల కోసం ఇంటివద్దే చేసుకునే వ్యాయామ క్రమాన్ని రూపొందించారు. ఎనభై దాటిన స్త్రీల మీద చేసిన వారి మొదటి పరిశోధన 1997లో వెలువడింది. తరువాత వారి నాలుగు పరిశోధనలను కలిపి చూస్తే, 65 నుంచి 97 ఏళ్ల మధ్య వయసున్న వెయ్యి మందికి పైగా వృద్ధుల్లో పడటం సుమారు 35 శాతం తగ్గింది. 2019లో కోక్రేన్ సంస్థ 108 పరిశోధనలను, 23 వేల మందికి పైగా వృద్ధుల వివరాలను కలిపి పరిశీలించింది. వ్యాయామం వల్ల పడే సంఖ్య దాదాపు నాలుగోవంతు తగ్గుతుందని అది తేల్చింది. ఇదేమీ ఖరీదైన మందు కాదు, యంత్రం కాదు. ఒక కుర్చీ, ఒక గోడ, నేర్పే మనిషి, క్రమం తప్పని సాధన.

ఒటాగో క్రమంలో ఫిజియోథెరపిస్టు రోజూ రానక్కరలేదు. మొదటి వారం, రెండో వారం, నాలుగో వారం, ఎనిమిదో వారం ఇంటికి వస్తారు. ఆరు నెలలకు మరోసారి వస్తారు. మధ్యలో ఫోన్ చేసి కనుక్కుంటారు. వ్యాయామాలు వారానికి మూడు రోజులు, రోజుకు అరగంట; నడక వారానికి రెండు రోజులైనా. ఒక ఫిజియోథెరపిస్టు ఎన్నో ఇళ్లను చూసుకోగలగడానికి కారణం ఇదే. పరిమితమైన విరాళాలతో నడిచే మనలాంటి సంస్థకు ఈ పద్ధతి సరిపోతుంది.

ఇంటికే ఎందుకు రావాలి?

ఆస్పత్రికి తీసుకెళ్లవచ్చు కదా అని కొందరు దాతలు అడిగారు. సబబైన ప్రశ్నే. మా జవాబులు మూడు.

మొదటిది, పడే ప్రమాదం ఎక్కువ ఉన్నవారే ఇల్లు దాటలేనివారు. ఆటో ఎక్కి దిగడమే వారికి గండం. తోడు వెళ్లే కొడుకుకు ఆ రోజు కూలీ పోతుంది. రెండుసార్లు వెళ్లి మానేస్తారు.

రెండోది, మన ఇళ్లలో పెద్ద వయసు స్త్రీలు చాలామంది పరాయి మగవాడి ఎదుట కాలు చాచి వ్యాయామం చేయడానికి ఇష్టపడరు. ఇంటికి స్త్రీ ఫిజియోథెరపిస్టు వస్తే, తలుపు వేసుకుని, ఇష్టంగా నేర్చుకుంటారు. కోడళ్లు, కూతుళ్లు కూడా పక్కన కూర్చుని చూస్తారు. తరువాత చేయించేది వాళ్లే.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. మనిషి పడేది ఆస్పత్రి నున్నటి గదిలో కాదు, తన ఇంట్లో. ఆ ఇంటి గడప ఎత్తెంత, మంచం ఎత్తెంత, బాత్‌రూమ్‌కు ఎన్ని మెట్లు దిగాలి, లైటు స్విచ్ ఎక్కడుంది అన్నది ఇంటికి వస్తేనే కనబడుతుంది.

ముందు ఒక చిన్న పరీక్ష

మీ ఇంట్లో పెద్దవారికి ప్రమాదం ఎంత ఉందో మీరే కొంత తెలుసుకోవచ్చు. పక్కన ఒకరు పట్టుకునేందుకు సిద్ధంగా నిలబడి మాత్రమే ఇది చేయండి. చేతులున్న కుర్చీలో వారిని కూర్చోబెట్టండి. అక్కడినుంచి మూడు మీటర్ల దూరంలో, అంటే సుమారు పది అడుగుల దగ్గర, నేల మీద గీత గీయండి. లేచి, మామూలుగా నడిచి, గీత దగ్గర తిరిగి, వచ్చి కూర్చోమనండి. చేతికర్ర వాడేవారు దానితోనే నడవవచ్చు. దీనికి 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క.

ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. ఈ ఏడాదిలో పడ్డారా? నిలబడినప్పుడు, నడిచేటప్పుడు తూలుతున్నట్టుంటుందా? పడతామేమోనని భయమేస్తోందా? ఒక్కదానికి "అవును" అన్నా ఫిజియోథెరపిస్టుకో డాక్టరుకో చూపించాల్సిందే. పెద్దవాళ్లు పడినా పిల్లలకు చెప్పరు. బయటికి పోనివ్వరని భయం. కాబట్టి కోపంగా కాదు, మెల్లగా అడగండి.

ఏయే వ్యాయామాలు?

కింద చెప్పేవి అవగాహన కోసం. ఎవరికి ఏది, ఎన్నిసార్లు అన్నది ఫిజియోథెరపిస్టు చూసి నిర్ణయించాలి. ఈ మధ్య పక్షవాతం వచ్చినవారు, గుండె జబ్బు ఉన్నవారు, ఎముక విరిగినవారు, తల బాగా తిరిగేవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. చేసేటప్పుడు ఛాతీలో నొప్పి, విపరీతమైన ఆయాసం, తల తిరగడం ఉంటే వెంటనే ఆపాలి.

కూర్చుని లేవడం: గోడకు ఆనించిన గట్టి కుర్చీలో కూర్చుని, పాదాలు కాస్త వెనక్కి లాక్కుని, ముందుకు వంగి లేవాలి. నెమ్మదిగా కూర్చోవాలి, దబ్బున పడకూడదు. మొదట చేతుల సాయంతో, పోనుపోను చేతులు లేకుండా. బాత్‌రూమ్‌లో, మంచం మీద, రోజంతా పనికొచ్చేది ఇదే.

మోకాలు చాచడం: కుర్చీలో కూర్చుని ఒక కాలును తిన్నగా చాచి, దించాలి. బలం వచ్చాక చీలమండకు చిన్న బరువు కడతారు. కొనలేనివారికి గుడ్డ సంచీలో కొలిచిన ఇసుక పోసి కుట్టి ఇచ్చినా పని జరుగుతుంది.

కాలు పక్కకు ఎత్తడం: వంటగట్టు పట్టుకుని నిలబడి, ఒక్కో కాలును పక్కకు ఎత్తి దించాలి. నడకలో ఒరిగిపోకుండా పట్టి ఉంచేది ఈ తుంటి పక్క కండరమే.

మడమలు, మునివేళ్లు ఎత్తడం: గట్టు పట్టుకుని మునివేళ్ల మీద లేవాలి, దిగాలి. తరువాత మడమల మీద ఉండి మునివేళ్లు ఎత్తాలి. గడప దాటేటప్పుడు వేళ్లు తగలకుండా కాపాడేది ఈ రెండోదే.

పాదం ముందు పాదం: ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు ఆనేలా నిలబడి పది సెకన్లు ఉండాలి. ఇది కుదిరాక అలాగే గోడ పక్కన నడవాలి. ఆపైన ఒంటికాలి మీద నిలబడటం.

పక్కకు, వెనక్కి నడవడం, ఎనిమిది అంకె ఆకారంలో తిరగడం: వంటగట్టు వెంబడి మొదలుపెట్టాలి. తిరిగేటప్పుడు పడేవారు చాలామంది. అందుకే తిరగడం కూడా నేర్పుతారు.

ఇందులో మర్మం ఒకటుంది. తూకం పెరగాలంటే తూకానికి కొంచెం కష్టం కలగాలి. రెండు చేతులా పట్టుకుని చేయడం తేలికయ్యాక ఒక చేయి, తరువాత ఒక వేలు, ఆ తరువాత ఏదీ లేకుండా. ఎప్పటికీ రెండు చేతులా పట్టుకునే చేస్తే లాభం అక్కడే ఆగిపోతుంది. ఎప్పుడు చేయి వదలాలో చెప్పడానికే నిపుణులు కావాలి. ఇంకొకటి: మానేస్తే వచ్చిన బలం మెల్లగా పోతుంది. మందు కోర్సులా పది రోజుల్లో అయిపోయేది కాదిది.

నమాజు, వుజూ

"అయిదు పూటలా నమాజు చేస్తున్నాం కదా, వేరే వ్యాయామం ఎందుకు?" అని పెద్దలు అడుగుతారు. నమాజు ఆరాధన. నిలబడటం, రుకూ, సజ్దా, మళ్లీ లేవడం వల్ల కీళ్లు కదలడం, కాళ్లు పనిచేయడం అందులోని అదనపు మేలు. కానీ మోకాళ్ల నొప్పితో కుర్చీ నమాజుకు మారినవారికి ఆ కదలిక చాలావరకు పోతుంది. వారికి వ్యాయామం మరీ అవసరం. కూర్చుని నమాజు చేయడానికి షరీఅత్ వెసులుబాటు ఇచ్చింది. దాన్ని వాడుకోవడంలో చిన్నతనం లేదు. అదే సమయంలో, కాళ్లలో బలం వచ్చాక మళ్లీ నేల మీద సజ్దా చేయాలన్న కోరిక పెద్దలకు ఎంతటి ప్రేరణో మేము చూశాం. "ఎముకలు గట్టిపడతాయి" అంటే కదలనివారు, "రమజాన్ నాటికి సజ్దా చేద్దాం" అంటే కుర్చీ లాక్కుని మొదలుపెడతారు. అందరికీ అది సాధ్యం కాకపోవచ్చు. ఎవరికి సాధ్యమో ఫిజియోథెరపిస్టు చెబుతారు.

వుజూ దగ్గర మాత్రం జాగ్రత్త ఎక్కువ కావాలి. నిలబడి, ఒక కాలు ఎత్తి కుళాయి కింద పెట్టి కడుక్కోవడం చాలామందికి అలవాటు. తడి నేల, ఒంటికాలు, వంగిన నడుము. పడటానికి ఇంతకన్నా ఏం కావాలి? వృద్ధులు గట్టి స్టూలు మీద కూర్చునే వుజూ చేయాలి. మసీదు కమిటీలకు మా విన్నపం: వుజూఖానాలో పెద్దల కోసం రెండు ఎత్తైన ఆసనాలు, పక్కన పట్టుకునే కడ్డీలు పెట్టించండి.

ఇంటిని సరిచేయడం

మన రాయలసీమ ఇళ్లలో కడప బండలు, బేతంచెర్ల బండలు పరుస్తాం. చల్లగా ఉంటాయి, చవక. కానీ నున్నబడ్డ బండ మీద సబ్బునీళ్లు పడితే అద్దమే. బాత్‌రూమ్‌లో, పెరటి దారిలో పాకుడు పట్టకుండా రుద్దాలి. కాలు పట్టేలా బండ మీద గాట్లు పెట్టించవచ్చు.

ఒక్క రోజు పనితో, కొద్ది ఖర్చుతో అయ్యేవి ఇవి: మరుగుదొడ్డి పక్కన, స్నానం చేసేచోట గోడకు స్టీలు కడ్డీ. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా వెలిగే చిన్న లైటు. ఎత్తు గడప కనబడేలా పసుపు రంగు గీత. నేల మీద పాకే కరెంటు తీగలు, అంచు లేచిన చాపలు తీసేయడం. నమాజు అయ్యాక జానమాజ్ మడిచి పెట్టడం. వదులు హవాయి చెప్పుల బదులు వెనుక పట్టీ ఉన్నవి. కుంగిపోయిన నులకమంచం బదులు మోకాలి ఎత్తు మంచం. కింద కూర్చునే మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో దాని మీద వేసే కమోడ్ కుర్చీ. కడ్డీని సిమెంటు గోడలోకి గట్టిగా బిగించాలి. బట్టల దండెం మీద ఆధారపడితే అది మనిషితోపాటే ఊడి వస్తుంది.

మందులు, కళ్లు, ఉపవాసం

వ్యాయామం ఒక్కటే అన్నీ చేయదు. నిద్రమాత్రలు, మత్తు కలిగించే జలుబు మందులు, కొన్ని బీపీ మందులు తూలేలా చేస్తాయి. మందులన్నీ ఒక సంచీలో వేసుకుని డాక్టరుకు చూపించండి. మీ అంతట మీరు ఏదీ ఆపకండి. పడుకుని లేచిన వెంటనే కొందరికి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. లేచి మంచం అంచున కాసేపు కూర్చుని, కాళ్లు నాలుగుసార్లు ఆడించి, అప్పుడు నిలబడాలి. శుక్లం ఉంటే ఆపరేషన్ వాయిదా వేయకండి.

రమజాన్‌లో మరింత జాగ్రత్త. షుగరుకు, బీపీకి మందులు వాడే పెద్దలు నెల ముందే డాక్టరును అడిగి మందుల వేళలు మార్చుకోవాలి. ఉపవాసంలో షుగరు పడిపోయినా, ఒంట్లో నీరు తగ్గినా కళ్లు తిరుగుతాయి. తరావీహ్‌లో నిలబడలేనివారు కూర్చోవచ్చు.

అయినా పడితే

గబగబా లేపకండి. ముందు మాట్లాడించండి. తలకు దెబ్బ తగిలిందా, తుంటి నొప్పి ఉందా అడగండి. ఒక కాలు పొట్టిగా కనబడి, పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి విరిగిందని అనుమానించాలి. అలాంటప్పుడు మర్దన వద్దు, నాటు కట్టు వద్దు, నడిపించి చూడటం అసలే వద్దు. కదలకుండా 108 అంబులెన్స్ పిలవండి. రక్తం పలచబడే మందులు వాడేవారికి తల తగిలితే, బయటికి ఏమీ కనబడకపోయినా ఆస్పత్రికి వెళ్లాలి. వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే ఎల్డర్‌లైన్ నంబరు 14567 కూడా గోడ మీద పెద్ద అంకెలతో రాసి ఉంచండి.

మీ విరాళం ఏమవుతుంది?

ఆపరేషన్‌కు సాయం అడిగితే దాతల మనసు వెంటనే కరుగుతుంది. కళ్ల ముందు మంచం మీద మనిషి ఉంటారు. పడకుండా ఆగిన మనిషి ఎవరికీ కనబడరు. వార్షిక సభలో వేదిక మీదికి పిలిచి చూపించలేం. "ఈమె ఫలానా రాత్రి పడలేదు" అని ఏ నివేదికలోనూ రాయలేం. అందుకే ఈ పనికి సొమ్ము అడగడం కష్టం. అయినా అడుగుతున్నాం.

ఆపరేషన్ల సాయం ఆపం. దానితోపాటు ఇంటివద్ద ఫిజియోథెరపీకి వేరే పద్దు తెరుస్తున్నాం. మీరిచ్చేది ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి వెళ్లే ఖర్చు అవుతుంది. ఒక ఇంటి గోడకు కడ్డీ అవుతుంది. ఒకరి అవసరం తీరాక మరొకరికి వెళ్లే వాకర్, కమోడ్ కుర్చీ అవుతుంది. జకాత్ సొమ్మును వేరుగా ఉంచి, అర్హులైన నిరుపేద వృద్ధులకే, ఉలమాలను సంప్రదించి ఖర్చు చేస్తాం. మిగతావారికి, సాధారణ ఖర్చులకు సదఖా, ఇతర విరాళాలే వాడతాం. పక్కింటి పెద్దాయన ఏ మతంవారన్నది ఈ సేవలో మేము అడగం.

సొమ్ము ఇవ్వలేనివారు సమయం ఇవ్వండి. మీ వీధిలో ఒంటరిగా ఉన్న ఒక నానీ ఇంటికి వారానికి మూడు సాయంత్రాలు వెళ్లి, ఆమె కుర్చీలోంచి పదిసార్లు లేస్తుంటే పక్కన నిలబడి లెక్కపెట్టండి. నేర్పింది మానకుండా చేయించే మనిషి దొరకడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం. మేస్త్రీలు, కార్పెంటర్లు, ఎలక్ట్రీషియన్లు ఒక ఆదివారం ఇస్తే చాలు, నాలుగు బాత్‌రూమ్‌లు భద్రమవుతాయి.

ఆ పెద్దావిడ ఇప్పుడు లేరు. అల్లాహ్ ఆమెను మన్నించి, ఆమె స్థానాన్ని ఉన్నతం చేయుగాక. ఆ ఇంట్లో ఇప్పుడు ఆమె చెల్లెలు ఉంటున్నారు. ఈసారి మేము ముందే వెళ్లాం. బాత్‌రూమ్ గోడకు కడ్డీ ఉంది, దారిలో లైటు ఉంది. వంటగట్టు పట్టుకుని ఆమె మడమలెత్తి దించుతుంటే మనవడు పక్కన కూర్చుని లెక్కపెడుతున్నాడు. ఇలాంటి ఇళ్లు మరికొన్ని కావాలి. మీ సహకారాన్ని అల్లాహ్ స్వీకరించుగాక, మన పెద్దలందరినీ తమ కాళ్ల మీద నిలబెట్టుగాక. ఆమీన్.